వాహనము ఎక్కడ నున్నది?

మామిడికాయల కాలములో కొల్లాపూర్ తోటలనుండి లారీ బయలుదేరిన తరువాత, అది ఏ వేళకు చేరునోయని హైదరాబాదులోని వర్తకుడు ఎదురుచూచుచుండును. గద్వాల బస్సు స్టాండులో చంకన బిడ్డతో నిలిచిన తల్లికి, రావలసిన బస్సు ఇంకను ఎంత దూరములో నున్నదో తెలియదు. నాగర్‌కర్నూలునుండి శ్రీశైలమునకు కారులో బయలుదేరినవారు నల్లమల అడవిలో ప్రవేశించిన పిమ్మట వారి టెలిఫోను మూగవోవును. ఇంటివద్ద నున్నవారికి దిగులు మొదలగును. ముగ్గురి ప్రశ్నయు ఒక్కటే: వాహనము ఎక్కడ నున్నది?

ఈ ప్రశ్నకు వాహనమే బదులు చెప్పునట్లు చేయు విద్యకు టెలిమాటిక్స్ అని పేరు. దూరమునకు వార్తలు పంపు సాధనములను కంప్యూటరుతో జతపరచుటను సూచించుటకై, 1978లో వెలువడిన ఒక నివేదికలో ఫ్రాన్సు దేశస్థులైన సిమోన్ నోరా, అలాఁ మేంక్ అనువారు ఈ మాటను కల్పించిరి. నేడది ముఖ్యముగా వాహనముల విషయమున వాడబడుచున్నది. ఈ సేవ ఎట్లు పనిచేయును? దీనిని ఎవరు కోరుచున్నారు? కోరినవారందరును దీనికి ధర చెల్లింతురా?

వాహనములోని పెట్టె

వాహనములో అమర్చు పెట్టె చిన్నది. అందు నాలుగు భాగములు ముఖ్యమైనవి. మొదటిది, ఉపగ్రహముల సంకేతములను అందుకొను గ్రాహకము. రెండవది, కుదుపును, వేగములోని మార్పును కనిపెట్టు సాధనము. మూడవది, మొబైల్ ఫోనులో వలెనే సిమ్ గల ప్రసారిణి. నాలుగవది, ఈ మూడింటిని నడుపు చిన్న కంప్యూటరు.

ఉపగ్రహము ఆకాశమునుండి వాహనమును చూచుచున్నదని పలువురు తలంతురు. అది పొరపాటు. ఉపగ్రహమునకు వాహనము సంగతియే తెలియదు. ఎవరు వినుచున్నదీ ఎరుగకయే రేడియో కేంద్రము పాటలు ప్రసారము చేయునట్లు, ఉపగ్రహము తన స్థానమును, కాలమును మాత్రము ఎడతెగక చాటుచుండును. దానిని విని, తానెక్కడ నున్నదో లెక్కకట్టుకొనునది వాహనములోని పెట్టెయే. ఆ లెక్కను పరులకు తెలుపవలెనన్నచో మొబైల్ టవరు సహాయము కావలెను. అనగా తన చోటును తాను తెలిసికొనుట ఒక పని. దానిని ఇతరులకు తెలుపుట వేరొక పని. ఈ భేదమును గుర్తుంచుకొనినచో తక్కిన విషయము సులభముగా బోధపడును.

మూడు ఊళ్లతో ఒక లెక్క

సంకేతము కాంతివేగముతో, అనగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున ప్రయాణించును. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. నడినెత్తిన నున్న ఉపగ్రహమునుండి సంకేతము చేరుటకు సెకనులో 15వ వంతు కాలము పట్టును. పట్టిన కాలమును వేగముచే గుణించినచో దూరము వచ్చును.

దూరములనుండి స్థానము ఎట్లు తేలును? తిన్నగా గీత గీసి కొలిచినచో వనపర్తి ఇటు గద్వాలకును, అటు నాగర్‌కర్నూలుకును సుమారు 30 కిలోమీటర్ల దూరములో నున్నది. ఒక వాహనము గద్వాలనుండి ఎంత దూరములో నున్నదో మాత్రమే తెలిసినచో, అది గద్వాల కేంద్రముగా గీసిన వృత్తముపై ఎక్కడనైనను ఉండవచ్చును. వనపర్తినుండి కూడ దూరము తెలిసినచో, రెండు వృత్తములు ఖండించుకొను రెండు బిందువులు మిగులును. నాగర్‌కర్నూలునుండి మూడవ దూరము తెలిసినచో ఒకే బిందువు తేలవలెను గదా?

ఇక్కడ ఒక చిక్కు కలదు. పటమును చూచినచో ఈ మూడు పట్టణములును దాదాపు ఒకే సరళరేఖపై నున్నవి. అందుచేత మూడవ వృత్తము కూడ ఇంచుమించు ఆ రెండు బిందువుల గుండనే పోవును. కొత్తకోటలో నిలిచిన వాహనము, అద్దములోని ప్రతిబింబము వలె, రేఖకు ఆవల పెబ్బేరు దిక్కున కూడ ఉన్నట్లు లెక్క వచ్చును. రేఖకు ఎడముగా నున్న మహబూబ్‌నగర్‌నుండి దూరము తీసికొనినచో సందేహము తీరును. విద్యార్థులు పటమును, వృత్తలేఖినిని తీసికొని దీనిని తామే చేసి చూడవచ్చును.

ఉపగ్రహముల విషయమును ఇట్టిదే. అవి ఒకే వరుసలో గాక, ఆకాశమున నలుదిక్కుల చెదరియుండవలెను. అక్కడ వృత్తములకు బదులు గోళములు. స్థానము తేల్చుటకు మూడు ఉపగ్రహములు, గ్రాహకములోని చౌక గడియారపు తప్పును దిద్దుటకు మరియొకటి, మొత్తము నాలుగు కావలెను. గడియారములో సెకనులో పదిలక్షవ వంతు తప్పు వచ్చినను దూరములో 300 మీటర్ల తప్పు వచ్చును. భారతదేశము తన సొంత నావిక్ పద్ధతికై 2013 జులైనుండి 2016 ఏప్రిల్ వరకు ఏడు ఉపగ్రహములను ప్రయోగించినది. వాటిలో కొన్నిటి పరమాణు గడియారములు చెడిపోగా, వాటికి బదులుగా వేరు ఉపగ్రహములను పంపవలసివచ్చినది. గడియారము చెడిన ఉపగ్రహము దారి చూపజాలదు.

అడవిలో మౌనము

హైదరాబాదు–శ్రీశైలము రహదారి మన్ననూరు దాటిన పిదప అమ్రాబాదు పులుల అభయారణ్యము గుండ పోవును. వన్యమృగముల రక్షణకై రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అక్కడ వాహనములను సాగనీయరు. ఈ దారిలో ఆకాశము కనబడుచునే యుండును గనుక పెట్టె తన స్థానమును ఎరుగును. కాని టవరు సంకేతము అందని చోట్ల అది ఎవరికిని చెప్పలేదు.

ఇందుకు ఒక ఉపాయము కలదు. టవరు అందనపుడు పెట్టె తన లెక్కలను దాచుకొని, అందిన వెంటనే పంపును. ఎ.ఐ.ఎస్. 140 అను భారతీయ ప్రమాణము ప్రకారము 40,000 స్థానములను దాచుకొను శక్తి దానికి ఉండవలెను. పది సెకనులకు ఒకటి చొప్పున వ్రాసుకొన్నను ఇది 111 గంటలకు సరిపోవును. లారీ యజమానికి ఇది చాలును. వాహనము ఏ దారిని పోయినదో అతడు మరునాడు తెలిసికొన్నను నష్టము లేదు. దెబ్బతిని దారిప్రక్కన పడియున్నవానికి ఇది ఏ మాత్రము చాలదు.

కోరిక వేరు, గిరాకి వేరు

అర్థశాస్త్రములో గిరాకి యనగా వట్టి కోరిక కాదు. ధర చెల్లించుటకు సిద్ధమైన కోరిక. ఈ దృష్టితో చూచినచో టెలిమాటిక్స్ బజారులో పలు తెగల కొనుగోలుదారులు కనబడుదురు.

మొదటివాడు లారీ యజమాని. చందా నెలకు 300 రూపాయలనుకొన్నచో, నెలకు నాలుగు లీటర్ల డీజిలు మిగిలినను ఆ ఖర్చు తీరిపోవును. ఇంజను వృథాగా ఆడుటను, దారి తప్పుటను పెట్టె పట్టియిచ్చును. కనుక అతడు ఎవరును చెప్పకయే కొనును.

రెండవది ప్రజాసేవా సంస్థ. రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 2023 ఆగస్టులో ప్రవేశపెట్టిన "గమ్యం" యాప్ ద్వారా బస్సు ఎక్కడ నున్నదో ఫోనులో చూడవచ్చును. ఇందులకు ప్రయాణికుడు వేరుగా రుసుము చెల్లింపడు. ఖర్చు సంస్థది, లాభము ఎదురుచూచువానిది.

మూడవవాడు సొంత కారు గలవాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1996లో ఆన్‌స్టార్ అను సేవను ఆరంభించిరి. భారతదేశములో 2019లో హ్యుండై వెన్యూ, ఎం.జి. హెక్టర్ కార్లు సిమ్‌తో కూడ వచ్చుట మొదలుకొని ఈ సేవ పేరు పొందినది. సాధారణముగా మొదటి కొన్ని సంవత్సరములు సేవ ఉచితము, తరువాత చందా. నిజమైన గిరాకి తెలియునది అప్పుడే. పాటలు, పటములు చేతిలోని ఫోనులోనే దొరకుచుండగా వాటికై మరల డబ్బు చెల్లించువారు తక్కువ. దొంగతనము, ప్రమాదము తెలియజేయు సేవకు విలువ ఎక్కువ. కాని ప్రమాదము తనకు జరుగునని ఎవరును తలంపరు. బండి నడపిన దూరమును, తీరును బట్టి బీమా రుసుము నిర్ణయించుటకు బీమా నియంత్రణ సంస్థ 2022 జులైలో అనుమతించినది. రుసుము తగ్గినచో గిరాకి పెరుగుటకు వీలున్నది. అయితే వాహనము పోయిన దారియంతయు వేరొకరి చేతిలో ఉండునని కొనువాడు మరువరాదు.

ఇంకొక జాగ్రత్తయు కలదు. కారు ఆయుస్సు వేరు, వార్తా పద్ధతి ఆయుస్సు వేరు. అమెరికాలో 2008 ఫిబ్రవరిలో పాత అనలాగ్ ఫోను పద్ధతిని నిలిపివేయుటకు దారి ఏర్పడగా, దానిపై ఆధారపడిన ఆన్‌స్టార్ కార్లు బాగుగా నడుచుచుండియు మూగవైనవి.

చట్టము చేయవలసిన పని

2013 అక్టోబరు 30 వేకువన బెంగుళూరునుండి హైదరాబాదు పోవుచున్న ప్రైవేటు బస్సు ఒకటి, నేటి వనపర్తి జిల్లాలోని కొత్తకోట సమీపమున పాలెం వద్ద కల్వర్టును ఢీకొని మంటలలో చిక్కినది. 45 మంది మరణించిరి. ఆ మంటలను ఏ పెట్టెయు ఆర్పజాలదు. అయినను ప్రమాదము జరిగిన క్షణమున చోటును తెలుపు సాధనము విలువ ఎంతటిదో ఇట్టి ఘటనలే తెలుపును.

టిక్కెట్టు కొను ప్రయాణికుడు బస్సులో ఆ పెట్టె కలదా యని అడుగడు. అడుగనిదానికి యజమాని ఖర్చుపెట్టడు. ఇట్టి చోట బజారు చేయలేని పనిని చట్టము చేయవలెను. ఐరోపా సమాఖ్యలో 2018 మార్చి 31 నుండి కొత్త నమూనా కార్లన్నిటికి, ప్రమాదము జరుగగానే తానుగా సహాయ కేంద్రమును పిలుచు సాధనము తప్పనిసరి. దానికి చందా లేదు. భారతదేశములో 2016 నవంబరు 28 నాటి ప్రకటన ద్వారా ప్రయాణికుల వాహనములలో స్థానము తెలుపు పెట్టె, ఆపదలో నొక్కు మీట ఉండవలెనని నియమించిరి. 2019 జనవరి 1 నుండి నమోదైన వాహనములకు అది అమలులోనికి వచ్చినది.

కాని ఆటోలకును, ద్విచక్ర వాహనములకును ఈ నియమమునుండి మినహాయింపు కలదు. పత్తి ఏరుటకు, వేరుసెనగ పీకుటకు కూలీలు పోవునది ఆటోలలోను, ట్రాక్టరు ట్రాలీలలోను. వారి భద్రతకు ధర చెల్లించు కొనుగోలుదారుడు బజారులో లేడు. చట్టపు పట్టికలోను వారి బండి లేదు. ప్రస్తుతము వారి టెలిమాటిక్స్ పెట్టె జేబులోని ఫోను మాత్రమే. కనుక 108కి గాని 112కి గాని ఫోను చేసినపుడు ఊరి పేరును, దారిలోని కిలోమీటరు రాతి అంకెను స్పష్టముగా చెప్పుట ప్రతి విద్యార్థియు నేర్చుకొనదగినది. వాహనము ఎక్కడ నున్నదో యంత్రము చెప్పలేనిచోట మనిషియే చెప్పవలెను.