హార్డ్ డిస్క్ హెచ్చరిస్తే ఎఫ్1 నొక్కి వదిలేయకండి

మా మామూకి బట్టల హోల్‌సేల్ దుకాణం ఉంది. అక్కడి కంప్యూటర్ ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో రెండు లైన్లు వచ్చేవి. హార్డ్ డిస్క్ పరిస్థితి బాగోలేదు, బ్యాకప్ తీసుకుని డిస్క్ మార్చండి అని వాటి అర్థం. కింద ఇంకో మాట ఉండేది: కొనసాగాలంటే ఎఫ్1 నొక్కండి. కౌంటర్ దగ్గర కుర్రాడు రోజూ ఎఫ్1 నొక్కేవాడు. ట్యాలీ తెరుచుకునేది, బిల్లులు వచ్చేవి. రంజాన్ సీజన్, ఊపిరి తీసుకునే తీరిక లేదు. "నడుస్తోంది కదా బేటా, ఈద్ అయ్యాక చూద్దాం" అన్నారు మామూ.

ఈద్ రాకముందే ఒక పొద్దున కంప్యూటర్ ఆన్ కాలేదు. లోపలి నుంచి టక్ టక్‌మని శబ్దం మాత్రం వచ్చింది.

లెక్కలు దక్కాయి. అది మా తెలివేం కాదు. రిటర్న్ వేయడానికి అకౌంటెంట్ అంతకుముందే ట్యాలీ డేటా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాతి మూడు వారాల బిల్లులు కాగితాలు ముందేసుకుని మళ్లీ ఎక్కించాం. కానీ అదే డిస్క్‌లో మా నానా చివరి ఈద్ ఫొటోలు ఉన్నాయి. అవి ఇంకెక్కడా లేవు. తిరిగి రాలేదు.

ఆ హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తుంది?

హార్డ్ డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే లెక్క రాసుకుంటుంది. ఈ ఏర్పాటు పేరు స్మార్ట్. డిస్క్‌లో సమాచారం చిన్న చిన్న గళ్లలో ఉంటుంది, వాటిని సెక్టార్లు అంటారు. ఒక గడి పాడైతే డిస్క్ దాన్ని పక్కనపెట్టి, దాని బదులు తన దగ్గరున్న స్పేర్ గడిని వాడుకుంటుంది. ఇలా ఎన్ని మార్చిందో ఒక పద్దులో రాస్తుంది. చదవలేకపోతున్న గళ్లను ఇంకో పద్దులో రాస్తుంది. లెక్క కంపెనీ పెట్టిన హద్దు దాటితే ఆన్ చేయగానే హెచ్చరిక వస్తుంది.

విండోస్‌లో ఈ పద్దులు చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో నీలం రంగు అంటే బాగుంది, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ప్రమాదం. ముఖ్యంగా మూడు లైన్లు చూడండి: 5వ నంబర్ (మార్చిన సెక్టార్లు), 197 (చదవలేక పెండింగ్‌లో ఉన్నవి), 198 (సరిచేయలేనివి). ఈ సాఫ్ట్‌వేర్‌లో 5, 197, 198 అనే ఆ నంబర్లు కూడా, పక్కనుండే అసలు అంకెలు కూడా మామూలు లెక్కలో ఉండకపోవచ్చు. మొదట్లో 16 ఆధారంగా ఉండే లెక్కలో చూపిస్తుంది. అప్పుడు 197 అన్నది సీ5గా, 198 అన్నది సీ6గా కనిపిస్తాయి. పక్కన 10 అని ఉంటే అది 16 అన్నమాట. సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

మూడూ సున్నా అయితే మంచిదే. ఒకటో రెండో ఉండి నెలల తరబడి కదలకపోతే కొన్ని డిస్క్‌లు అలాగే నడుస్తాయి. నిన్న 8, ఇవాళ 40 అయితే మాత్రం టైం లేదని అర్థం. 199వ నంబర్ పెరుగుతుంటే తప్పు చాలాసార్లు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. కేబుల్ మార్చి, అంకె పెరగడం ఆగిందో లేదో చూడండి.

2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి ఒక పేపర్ ఇచ్చారు. స్కాన్‌లో మొదటి ఎర్రర్ వచ్చిన డిస్క్, తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం ఎర్రర్ లేని డిస్క్ కంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పేపర్‌లో ఇంకో మాటా ఉంది. పాడైన డిస్క్‌లలో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ గుర్తూ చూపించకుండానే పోయాయి. అంటే హెచ్చరిక వస్తే నమ్మాలి. రాలేదు కదా అని ధీమాగా మాత్రం ఉండకూడదు.

హెచ్చరిక వచ్చిన రోజు ఏం చేయాలి?

మొదట కొత్తగా ఏదీ ఆ డిస్క్‌లో దాచొద్దు. ఇంకో డిస్క్ తెచ్చి, మళ్లీ దొరకని వాటితో కాపీ మొదలుపెట్టండి. ఫొటోలు, ట్యాలీ డేటా ఫోల్డర్, స్కాన్ చేసిన దస్తావేజులు, సర్టిఫికెట్లు ముందు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు చివర, అవి మళ్లీ దొరుకుతాయి. సెకనుకు 100 ఎంబీ వేగంతో వెళ్లినా 1 టీబీ కాపీకి దాదాపు రెండు గంటల ముప్పావు పడుతుంది. చిన్న ఫైళ్లు ఎక్కువుంటే ఇంకా ఆలస్యం. ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకెళ్లండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకోండి.

సి డ్రైవ్ నుంచి డి డ్రైవ్‌కి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. చాలా కంప్యూటర్లలో ఆ రెండూ ఒకే డిస్క్‌లోని రెండు గదులు. ఇల్లే కూలితే ఏ గదిలో దాచినా ఒకటే.

ఏం చేయకూడదు?

కాపీ పూర్తికాకముందు డీఫ్రాగ్, ఫార్మాట్, డిస్క్ రిపేర్ స్కాన్ లాంటివి నడపకండి. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తుంది గానీ అరిగిపోతున్న యంత్రాన్ని కాదు. పైగా డిస్క్ మొత్తం చదివించి ఉన్న ఓపిక కూడా తీసేస్తుంది. టక్ టక్ శబ్దం వస్తే వెంటనే పవర్ తీసేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం వల్లే చాలా నష్టం జరుగుతుంది. మూత అసలు విప్పొద్దు. లోపల హెడ్ తిరిగే పళ్లేనికి తగలకుండా వెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలుతుంది. ఒక్క దుమ్ము కణం చాలు. అందులోని డేటా మీకు అంత విలువైనదైతే, డేటా రికవరీ కోసం శుభ్రమైన గది ఉన్న ల్యాబ్‌కే ఇవ్వండి. ఖర్చు ఎంతో ముందే రాతపూర్వకంగా అడగండి.

వారంటీ గురించి ఒక మాట. వారంటీ కింద మీకు బదులు డిస్క్ వస్తుంది, పాత డేటా రాదు. పాత డిస్క్ వాళ్లకే వెళ్లిపోతుంది. కాబట్టి కాపీ తీసుకున్నాకే, వీలైతే డేటా చెరిపేశాకే పంపండి.

దుకాణదారులకు ప్రత్యేకంగా

జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలు భద్రపరచాలి. డిస్క్ పోయిందంటే సరిపోదు, రికార్డులు ఉంచే బాధ్యత మనదే.

కాపీలు మూడు ఉండాలి, రెండు రకాల పరికరాల్లో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలని కంప్యూటర్ వాళ్లు చెప్పే సూత్రం. ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఇప్పుడు మామూ దుకాణంలో రెండు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు ఉన్నాయి. ప్రతి గురువారం రాత్రి షట్టర్ దించే ముందు కుర్రాడు ఒకదానిలో బ్యాకప్ తీస్తాడు, మామూ దాన్ని ఇంటికి తీసుకెళ్తారు. వచ్చే గురువారం రెండోది. ముఖ్యమైన ఫోల్డర్ ఒకటి ఆన్‌లైన్‌లోనూ ఉంది.

అన్నీ కలిపి వారానికి పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు మేము ముందే పెట్టి ఉంటే నానా ఫొటోలు ఇప్పుడు మా ఇంట్లో ఉండేవి. మీ కంప్యూటర్‌లో మళ్లీ దొరకని ఫోల్డర్ ఏదో మీకు తెలుసు. ఇవాళే దాన్ని ఇంకో చోటికి కాపీ చేయండి.