మధుమేహుల పాదసంరక్షణ: స్పర్శ, రక్తప్రసరణ, లోకవ్యవహారం

వ్యాససంగ్రహం: మధుమేహంలో పాదం దెబ్బతినడానికి నాడుల క్షీణత, ధమనులు ఇరుకు కావడం ప్రధాన కారణాలు. ఈ రెండూ పనిచేసే తీరును, ఇంటి వద్ద పాటించదగిన పాదసంరక్షణను వివరిస్తూ, ‘నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదు’ అనే లోకానుభవం మధుమేహి విషయంలో ఎందుకు చెల్లదో తెలపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: మధుమేహం, తిమ్మిరి, స్పర్శజ్ఞానం, రక్తప్రసరణ, ఆనెకాయ, పాదరక్షలు.

1. ఉపోద్ఘాతం

భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో సాగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలోని మధుమేహుల సంఖ్యను సుమారు 10.1 కోట్లుగా అంచనా వేసింది. ఈ వ్యాధి వల్ల గుండెకు, కంటికి, మూత్రపిండాలకు కలిగే హానిపై ప్రజలలో కొంత ఎరుక ఉంది. పాదం మాత్రం పుండు పడేదాకా ఎవరి దృష్టికీ రాదు. మధుమేహుల కాళ్లను తొలగించవలసి వచ్చిన సందర్భాలలో దాదాపు 85 శాతం పాదంపై పుండుతోనే మొదలవుతాయని వైద్యశాస్త్రం చెబుతోంది. కాబట్టి పుండును నివారించడమే కాలిని కాపాడుకోవడానికి తొలి మార్గం.

2. తిమ్మిరి: ఒకే మాట, రెండు స్థితులు

బాసింపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చుంటే కాలికి పట్టేదాన్నీ, మధుమేహి పాదంలో నెలల తరబడి నిలిచిపోయేదాన్నీ తెలుగువారు ‘తిమ్మిరి’ అనే మాటతోనే వ్యవహరిస్తారు. మొదటిది కాలు చాపితే పోతుంది. రెండవది రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అధికంగా ఉండడం వల్ల నాడులు దెబ్బతిన్నందుకు గుర్తు. ఇది సాధారణంగా రెండు కాళ్ల వేళ్ల కొసలలో మొదలై, మేజోడు తొడిగినట్లుగా క్రమంగా పైకి పాకుతుంది. మంటలు, సూదులు గుచ్చినట్లుండడం, చీమలు పాకినట్లుండడం, దూదిమీద నడుస్తున్నట్లుండడం దీని లక్షణాలు. రాత్రివేళ ఇవి అధికమవుతాయి.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన భ్రమకు తావుంది. కొంతకాలానికి మంటలు తగ్గితే రోగి ‘నయమైంది’ అనుకుంటాడు. నిజానికి మంటను తెలిపే నాడులే మొద్దుబారి ఉండవచ్చు. అందుచేత ఉపశమనం కలిగినప్పుడు కూడా స్పర్శ పరీక్ష అవసరం.

నాడీక్షీణత స్పర్శతో ఆగదు. పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు కొంకర్లు పోతాయి. దేహభారం కొన్ని చోట్లనే పడడంతో అక్కడ ఆనెకాయలు ఏర్పడతాయి. చెమట తగ్గి చర్మం ఎండిపోవడంతో మడమలు పగుళ్లు తీస్తాయి. ఆనెకాయ కిందా, పగులు లోపలా పుట్టిన పుండు నొప్పి లేకుండానే లోతుకు పోతుంది.

3. నొప్పి విలువను తెలిపిన వైద్యుడు

నొప్పి శరీరానికి రక్షణ అన్న సత్యాన్ని వైద్యలోకం గుర్తించడంలో దక్షిణ భారతదేశానికి విశేష స్థానముంది. 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో జన్మించిన డాక్టర్ పాల్ బ్రాండ్ వేలూరులో కుష్ఠురోగులకు చికిత్స చేశారు. వారి చేతులూ కాళ్లూ పాడవడానికి ప్రధాన కారణం స్పర్శ కోల్పోయిన అవయవాలకు తెలియకుండా తగిలే దెబ్బలేనని ఆయన నిరూపించారు. 1960లలో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్లిన తరువాత ఆ అవగాహననే మధుమేహుల పాదాలకూ అన్వయించారు. పాదంపై ఒత్తిడిని తగ్గించే మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు కుష్ఠురోగులతోపాటు స్పర్శ తగ్గిన మధుమేహులకూ నేడు ఉపయోగపడుతున్నాయి.

4. రక్తప్రసరణ

కాలి ధమనులలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే కణజాలానికి ప్రాణవాయువు చాలదు. పుట్టిన పుండు మానదు. కొంతదూరం నడవగానే పిక్కలు పట్టేసి, నిలబడితే సర్దుకోవడం దీని ప్రధాన లక్షణం. అయితే నాడులు మొద్దుబారిన వారిలో ఈ నొప్పి కూడా తెలియకపోవచ్చు. పాదం చల్లబడడం, రంగు మారడం, పాదంపై నాడి అందకపోవడం ఇతర సూచనలు. చీలమండ వద్దా, చేతి వద్దా రక్తపీడనాన్ని కొలిచి నిష్పత్తి కడితే అది 0.9 కంటే తక్కువగా ఉన్నప్పుడు ధమనులు ఇరుకైనట్లు భావిస్తారు. మధుమేహుల ధమనులు గట్టిపడి ఈ కొలత ఎక్కువగా కనిపించే అవకాశం ఉన్నందున, అంకెను వైద్యుడే అన్వయించాలి.

రక్తప్రసరణను మెరుగుపరిచే మార్గాలలో మొదటిది పొగ మానడం. సిగరెట్టుకే కాదు, బీడీకీ, చుట్టకూ ఇదే వర్తిస్తుంది. చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్ అదుపు రెండవది. క్రమం తప్పని నడక మూడవది. పాదంపై పుండు ఉన్నప్పుడు మాత్రం నడక మేలుకు బదులు కీడు చేస్తుంది. అప్పుడు ఆ కాలిపై భారం పడకుండా చూడడమే చికిత్స. కాళ్లు చల్లబడ్డాయని వేడినీళ్ల కాపడం పెట్టడం, నిప్పుసెగ చూపడం తగదు. స్పర్శలేని పాదం కాలినా తెలియదు.

5. ఆచారాలు, జాగ్రత్తలు

ఇంటిలోనూ గుడిలోనూ చెప్పులు విడవడం తెలుగువారి మర్యాద. అలిపిరి మెట్లెక్కే భక్తుడు, దీక్షలో పాదరక్షలు విడిచిన స్వామి, ఎండకు కాలిన బండలపై ప్రదక్షిణ చేసే ముత్తైదువ ఈ మర్యాదనే పాటిస్తున్నారు. స్పర్శ తగ్గిన మధుమేహికి ఇదే ముప్పు కావచ్చు. ఆచారాన్ని తప్పుపట్టడం కంటే సర్దుబాటు సూచించడం ఫలవంతం. ఇంట్లో తిరగడానికి వేరే మెత్తని చెప్పుల జత ఉంచుకోవచ్చు. దర్శనానికి ఎండ ముదరని వేళను ఎంచుకోవచ్చు. కాలినడక మొక్కుకు ముందు వైద్యుని సలహా తీసుకోవచ్చు.

ప్రతిరోజూ పాదాలను, వేళ్ల సందులతో సహా, పరిశీలించాలి. అరికాలు కనిపించకపోతే అద్దం వాడాలి, లేదా ఇంటివారి సాయం తీసుకోవాలి. కడిగిన తరువాత వేళ్ల సందులను తడిలేకుండా తుడవాలి. పొడిబారిన చర్మానికి లేపనం రాసినా, సందులలో రాయకూడదు. గోళ్లను అడ్డంగా తిన్నగా కత్తిరించాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయడం, మందు పట్టీలు అంటించడం మానాలి. చెప్పులు తొడిగే ముందు లోపల రాయి, మేకు ఉన్నాయేమో చేతితో తడిమి చూడాలి. వాపు వల్ల మెట్టెలు బిగుసుకుంటే తీసివేయాలి.

6. పరీక్షలు

ఇంటివద్ద చేయదగిన సులువైన పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకున్న వ్యక్తి రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మృదువుగా తాకాలి. ఈ ఆరింటిలో రెండు లేదా అంతకుమించి తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే. వైద్యశాలలో దీనినే 10 గ్రాముల మోనోఫిలమెంట్ తీగతో పరీక్షిస్తారు. లక్షణాలు లేకపోయినా ఏడాదికొకసారి, పూర్వం పుండు పడినవారికి ఒకటి నుంచి మూడు నెలలకొకసారి పాదపరీక్ష అవసరం.

పుండు, నలుపు, దుర్వాసన, చీము కనిపిస్తే అదే రోజు వైద్యుని సంప్రదించాలి. నొప్పి లేకుండా పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉండడం కూడా అత్యవసర స్థితే. ఎముకలూ కీళ్లూ లోలోపల కుంగిపోతుండవచ్చు.

7. ముగింపు

మధుమేహంలో పాదం నష్టపోయేది వ్యాధి తీవ్రత వల్లనే కాదు, దాని మౌనం వల్ల కూడా. నొప్పి చేయవలసిన కాపలాను కన్ను, చేయి, ఇంటివారు చేపట్టడమే పాదసంరక్షణ సారాంశం. ‘నొప్పి ఉందా?’ అన్న ప్రశ్న మధుమేహి విషయంలో సరిపోదు. ‘తాకితే తెలుస్తోందా? ఈ రోజు పాదాలు చూసుకున్నారా?’ అన్న ప్రశ్నలు ఇళ్లలోనూ, ఆరోగ్య రచనలలోనూ వాడుకలోకి రావాలి. రోజుకు కొద్ది నిమిషాల ఆ పరిశీలన ఒక మనిషి తన కాళ్లపై తాను నిలబడే శక్తిని కాపాడుతుంది.