నియామకపత్రం తర్వాత

మన సాహిత్యానికి నిరుద్యోగి కొత్తవాడు కాడు. చదువు బతుకుతెరువు చూపలేని స్థితిని కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవలలో చిత్రించారు. ఢిల్లీలో ఉద్యోగం కోసం తిరిగే చదువుకున్న యువకుణ్ణి 1981 నాటి 'ఆకలి రాజ్యం' చిత్రం మన ముందు నిలబెట్టింది. అయితే ఈ వస్తువుతో నేను చదివిన అనేక కథలు నియామకపత్రం రాగానే ముగుస్తాయి. నేటి సమస్య మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఇటీవల మాచర్లలో నా పూర్వవిద్యార్థి ఒకడు తాను రాసిన కథ తెచ్చి ఇచ్చాడు. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో పనిచేస్తున్నాడు. కథానాయకుడు రెండేళ్ళు ఊళ్ళో ఎదురుచూసి, చివరకు ఉద్యోగం దొరికి బస్సెక్కుతాడు. "ఆ తర్వాత ఏమవుతుందిరా?" అనడిగాను.

"తర్వాత కథేముంది మాస్టారూ! రాత్రి పదకొండింటిదాకా పని. ఇదేమని అడిగితే, నీ కుర్చీ కోసం బయట వందమంది ఉన్నారంటాడు మేనేజరు."

వాడు కథ కాదనుకున్నదే అసలు కథ.

ఎవరీ వందమంది? 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో ప్రకటించిన ఉపాధ్యాయ పోస్టులు 16,347. పోటీపడినవారు మూడు లక్షలకు పైగా. ఫీజు రీయింబర్సుమెంటు వల్ల మా పల్నాటి మిర్చి, పత్తి రైతుల పిల్లలకు కూడా ఇంజనీరింగు చదువు అందింది. అది మంచిదే. కాని పట్టాలు పెరిగినంతగా కొలువులు పెరగలేదు. ఇలా మిగిలిపోయిన వారినే మార్క్స్ పెట్టుబడికి అవసరమైన రిజర్వు సైన్యంగా గుర్తించాడు. గేటు బయట నిలబడినవాడి అవసరమే లోపలివాడి పనిగంటలను నిర్ణయిస్తుంది.

కార్మికోద్యమాల ఒత్తిడి వల్లనే పనిగంటలకు హద్దు ఏర్పడింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు మించరాదన్నది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. ఫ్యాక్టరీ కార్మికుడికి షిఫ్టు ముగిసే వేళ ఒకటుంది. కంప్యూటరు ముందు కూర్చునేవాడికి పని ఫోనులో ఇంటిదాకా వస్తుంది. పైగా ఏటా మార్కులు వేసి ఉద్యోగులను వరసపెట్టే పద్ధతిలో పక్క కుర్చీవాడు తోటి శ్రామికుడుగా కాక పోటీదారుడుగా కనిపిస్తాడు. ఉద్యోగం పోతే "నాలోనే నైపుణ్యం లేదు" అని తన్ను తానే నిందించుకుంటాడు. వ్యవస్థ దోషం ఈ విధంగా వ్యక్తి దోషంగా మారిపోతుంది.

రచయిత పట్టుకోవలసింది ఈ మార్పునే. భయం మనిషిని లోలోపల ఎంతగా కుదించివేస్తుందో రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య పాత్ర ద్వారా చూపారు. నేటి ఆఫీసుల్లోని భయానికి అటువంటి చిత్రణ కావాలి. నినాదంతో ముగించనక్కరలేదు. పక్కవాడికీ రాత్రుళ్ళు నిద్రపట్టడం లేదని పాత్ర గ్రహించే ఒక్క సన్నివేశం చాలు; ఐక్యతకు మొదటి మెట్టు అదే.

నా విద్యార్థికి కథ తిరిగి ఇస్తూ, "చివరి పేజీ నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయరా" అన్నాను. రాయడానికి తీరిక ఎక్కడుంది మాస్టారూ అన్నాడు. ఆ మాట కూడా కథలో రాయమన్నాను.