నడుచుచు వినదగిన సేద్యపు పాఠములు

చిట్యాల నుండి చౌటుప్పల్ వైపు గాని, నార్కట్‌పల్లి వైపు గాని తెల్లవారుజామున పోవువారికి రోడ్డు ప్రక్కన చేతులూపుచు నడచువారు కనిపింతురు. వారిలో ఉద్యోగులు, వర్తకులే కాక రైతులును ఉన్నారు. "సేద్యము చేయువానికి వేరే నడక యెందుకు?" అని పెద్దలు నవ్వవచ్చును. నాగలి వెంట రోజంతయు తిరిగిన కాలములో ఆ మాట చెల్లినది. నేడు దుక్కి ట్రాక్టరుతో సాగుచున్నది. పొలమునకు పోవుటకు మోటారు సైకిలు వచ్చినది. బోరు మోటారును ఇంటి అరుగు మీదనుండియే ఫోనుతో నడుపువారును కలరు. దీనితో చక్కెర వ్యాధి, రక్తపుపోటు పల్లెలలోనికి కూడ వచ్చి చేరినవి. వైద్యులు నడువుమని చెప్పుచున్నారు. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఈ నడకకు వెచ్చించు సమయమును రైతు ఒకసారి లెక్కవేసి చూడవలెను. దినమునకు అరగంట నడచినచో నెలకు 15 గంటలు. జూన్‌లో పత్తి విత్తినది మొదలు అక్టోబరు చివరి వరకు సుమారు 75 గంటలు అగును. ఊరిలో జరుగు రైతు సభలన్నియు కలిపినను ఒక పంటకాలములో ఇన్ని గంటలు రావు. కాళ్లకును చేతులకును పని యున్నది గాని చెవులు ఖాళీగానే యున్నవి. పైసా ఖర్చు లేకుండ దొరకు సేద్యపు ప్రసంగములను ఈ వేళలో వినినచో రెండు పనులు ఒకేసారి జరుగును. ఆకాశవాణి ప్రసారములు ఇప్పుడు చేతిఫోనులో కూడ వినవచ్చును. వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల ప్రసంగములు అనేకము అంతర్జాలములో ఉచితముగ లభించుచున్నవి. వీటిని రాత్రి ఇంటివద్దనే ఫోనులో నిలువ చేసికొనినచో ఉదయము సిగ్నలు కొరకు వెదుకుకొను పని లేదు.

"సారూ, నడుసుకుంట ఇన్నది యాదుంటదా?" అని అడుగు రైతులు కలరు. ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు మన దేశపు రేడియో చరిత్రలోనే యున్నది.

రేడియో నేర్పిన సంగతి

1956వ సంవత్సరములో యునెస్కో సహాయముతో ఆకాశవాణి వారు పూనా ప్రాంతములో ఒక ప్రయోగము చేసిరి. నాటి బొంబాయి రాష్ట్రములోని ఐదు జిల్లాలలో సుమారు 150 గ్రామములందు రైతుల శ్రవణ గోష్ఠులను ఏర్పరచిరి. వారమునకు రెండు చొప్పున పది వారములు, అనగా 20 కార్యక్రమములు ప్రసారమైనవి. ఊరివారు ఒకచోట గూడి అరగంట వినుట, పిదప దానిని గూర్చి తర్కించుకొనుట, సందేహములను రేడియో కేంద్రమునకు వ్రాసి పంపుట, ఇదియే పద్ధతి. తుదిలో పరీక్షించి చూడగా గోష్ఠులున్న ఊళ్లలో రైతుల పరిజ్ఞానము బాగుగ పెరిగినది. రేడియో యుండియు గోష్ఠి లేని ఊళ్లలో లాభము మిక్కిలి తక్కువ. పెట్టె ఒక్కటే, ప్రసంగము ఒక్కటే. విన్నదానిని మరల నలుగురితో మాట్లాడుకొనుటలోనే భేదమంతయు వచ్చినది. ఈ పద్ధతి మొదట కెనడాలో పుట్టినది. అచటి వారి నినాదము చదువుట, వినుట, చర్చించుట, ఆచరించుట. పూనా ఫలితములను చూచి 1959లో ఈ గోష్ఠులను దేశమంతటను విస్తరింపజేసిరి.

మన ప్రాంతమునకు రేడియో ఇంకను ముందే వచ్చినది. నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆకాశవాణిలో చేరి హైదరాబాదు కేంద్రమైనది. 1966 నుండి ఆకాశవాణి కేంద్రములలో వ్యవసాయ, గృహ విభాగములు ప్రత్యేకముగ వెలసినవి. ఆ రోజులలోనే తంజావూరు జిల్లా రైతులు ఏ.డి.టి. 27 అను వరి రకమును 'రేడియో వరి' అని పిలువసాగిరి. దానిని గూర్చి వారు తెలిసికొన్నది రేడియో ద్వారానే గనుక ఆ పేరు నిలిచినది. చెవి ద్వారా వచ్చిన మాట పొలములో మొలకెత్తుననుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

మనకు దగ్గరలోనే మరియొక ఉదాహరణ కలదు. జహీరాబాదు ప్రాంతములోని మాచనూరులో 2008 అక్టోబరు 15న 'సంగం రేడియో' ప్రసారములు ప్రారంభమైనవి. దక్కన్ అభివృద్ధి సంస్థకు చెందిన దళిత మహిళా సంఘములవారే దీనిని నడిపిరి. చిరుధాన్యములు, విత్తనముల నిలువ, పశువుల సంగతులు వారి స్వంత యాసలోనే వినిపించిరి. ప్రభుత్వేతర సంస్థ నెలకొల్పిన సామాజిక రేడియోలలో దేశమునకు ఇదియే మొదటిది. పెద్ద పెద్ద మాటలతో నిండిన ప్రసంగమును అరగంట వినుటకన్న, తనవంటి చలక భూమి సేద్యగత్తె చెప్పిన ఐదు నిమిషముల మాట చెవికి ఎక్కువగ పట్టునని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

విన్నది పొలములోనికి వచ్చుట

ఇక ఆచరణ. ఒక నడకకు ఒక విషయము చాలును. వరిలో సుడిదోమ, పత్తిలో గులాబీ పురుగు, బత్తాయిలో వేరుకుళ్లు, మూడింటిని ఒకే ఉదయము వినినచో ఇంటికి చేరునప్పటికి మూడును కలిసిపోవును. పోవునప్పుడు విని, తిరిగి వచ్చునప్పుడు ఫోనును ఆపి, విన్నదానిని తోడి నడకవానికి చెప్పవలెను. చెప్పలేకపోయినచో సరిగా వినలేదనుకొని మరునాడు మరల వినవలెను. ఇద్దరు ముగ్గురు కలిసి నడచినచో అదియే ఒక చిన్న గోష్ఠి. అంకెలు మాత్రము నోటితో నిలువవు. మందు మోతాదు, ఎరువు బరువు, విత్తు దూరము, ఇవి ఇల్లు చేరిన వెంటనే కాగితము మీద వ్రాసికొనవలెను. మోతాదును జ్ఞాపకము మీద ఆధారపడి కలుపుట పైరుకును మనిషికిని ప్రమాదకరము.

గులాబీ రంగు పురుగు సంగతినే తీసికొందము. చిట్యాల పరిసరములలో చలక నేలలలో బోర్ల క్రింద, వర్షాధారముగ పత్తి వేయు రైతులు ఎందరో కలరు. వారికి ఈ పురుగు పెద్ద బెడద. రెండు జన్యువుల బీటీ పత్తి వేసినంత మాత్రమున దీనికి భయము లేదనుకొనుట ఇప్పుడు చెల్లదు. పురుగు దానిని తట్టుకొను శక్తిని సంపాదించినది. ప్రసంగములలో తరచు వినబడు మాట యిది: లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగ మూడు రాత్రులు ఒక్కొక్క బుట్టలో 8 చొప్పున రెక్కల పురుగులు పడినచో మందు చల్లు సమయము వచ్చినట్లు. లేదా నూటికి పది పూలు విచ్చుకొనక గుడ్డిపూలుగా నున్నచో అప్పుడును అంతే. నడకలో ఈ మాట విన్న రైతు ఆ ఉదయమే చేనిలోనికి దిగి బుట్టలోని పురుగులను లెక్కింపవలెను. నూరు పూలను చూచి గుడ్డిపూలెన్నియో ఎంచవలెను. అప్పుడు విన్నది తన స్వంతమగును. లెక్క చూడక ప్రక్కవాడు చల్లెనని తానును చల్లినచో డబ్బాల ఖరీదు, కూలి, ఆరోగ్యము మూడును పోవును. అప్పు చేసి కొన్న మందు అవసరము లేని రోజున చల్లబడుటకన్న నష్టమేమున్నది?

గుజరాతు పత్తి రైతులకు ఫోను ద్వారా కంఠముతోనే ఉచిత సలహాలను అందించి అధ్యయనము చేసినవారు కలరు. ఆ రైతులు సలహా కొరకు మందుల వర్తకుల వద్దకు పోవుట తగ్గినది. జీలకర్ర దిగుబడి సుమారు 28 శాతము పెరిగినట్లు 2021లో ప్రకటించిరి. తరచుగ గుర్తుచేయబడిన వారికే పత్తిలో లాభము కనబడినదను మాటను ప్రత్యేకముగ గమనింపవలెను.

అయితే ఫోనులో మాట్లాడువారందరును శాస్త్రజ్ఞులు కారు. మాట్లాడునది ఎవరు, ఏ సంస్థవారు, ఏ సంవత్సరములో చెప్పిరి, ఏ నేలకు చెప్పిరి, ఈ నాలుగు ముందుగ చూడవలెను. కృష్ణా డెల్టా మాగాణికి చెప్పిన నీటి యాజమాన్యము మన బోరు క్రింది మడికి అతుకదు. నల్లరేగడికి చెప్పిన పత్తి సాళ్ల దూరము ఎర్ర చలకకు సరిపడదు. ప్రసంగము చివర ఒకే కంపెనీ డబ్బా పేరు పదే పదే వచ్చినచో అది పాఠము కాదు, అంగడి కేక.

చెవులు మూసికొని రోడ్డెక్కరాదు

అన్నిటికన్న ముఖ్యమైన హెచ్చరిక యిది. చిట్యాల మీదుగ పోవునది హైదరాబాదు–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి. పొగమంచు వేళ, చీకటి వేళ లారీలు, బస్సులు దానిమీద ఎంత వేగముతో పోవునో అందరికిని తెలిసినదే. రెండు చెవులలో గొట్టములు పెట్టుకొని ఆ రోడ్డు వెంబడి నడచుట ప్రాణముతో ఆట. పొలము బాటలు, బండ్ల బాటలు, చెరువు కట్ట, పాఠశాల ఆవరణ, ఇవి నడకకు తగినవి. ఊరి రోడ్డు మీద నడువవలసి వచ్చినచో కుడిప్రక్కన, ఎదురు వచ్చు బండ్లను చూచుచు నడువవలెను. ఫోనును చొక్కా జేబులో పెట్టి బయటికి వినబడునట్లు చేసికొనుట మేలు. తప్పనిచో ఒక్క చెవిలో మాత్రమే పెట్టుకొనవలెను. బొమ్మలు చూచుచు నడువనే రాదు. చీకటిలో గట్ల మీద నడచువారు చేతిదీపము వెంట ఉంచుకొనవలెను. పాము బుస కూడ చెవితోనే వినవలసినది గదా. మందు చల్లునప్పుడు, చాఫ్ కట్టరు వద్ద, ట్రాక్టరు మీద పాఠములు పనికిరావు.

విన్న తరువాత మిగిలిన సందేహములను కిసాన్ కాల్ సెంటరును అడుగవచ్చును. దాని నంబరు 1800-180-1551. పిలుపుకు ఖర్చు లేదు. ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు తెలుగులోనే జవాబు చెప్పుదురు. పురుగును గాని, తెగులు సోకిన ఆకును గాని చూపవలసి వచ్చినచో మండల వ్యవసాయాధికారి వద్దకో, కంపాసాగర్‌లోని కృషి విజ్ఞాన కేంద్రమునకో తీసికొని పోవచ్చును. ఆకును తడిలేని కాగితములో చుట్టి, కోసిన దినముననే చేర్చవలెను.