ఫొటోలో ఎర్రచుక్క... నిజంగా నక్షత్రమేనా?

తొలకరి జల్లులు పడగానే పొలం గట్ల మీద మఖమల్ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగుల్ని చూసే ఉంటారు. ఆరుద్ర కార్తెలో కనిపిస్తాయి కాబట్టి వాటికా పేరు. విశేషమేమిటంటే ఆకాశంలోని ఆరుద్ర నక్షత్రం రంగు కూడా ఎరుపే! అయితే కార్తె వచ్చే జూన్ నెలాఖర్లో అది కనిపించదు. అప్పుడు సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు మరి. ఆరుద్రను చూడాలంటే డిసెంబరు నుంచి మార్చి దాకా, రాత్రి భోజనాలయ్యాక మేడ ఎక్కాలి.

చేతిలో కెమేరానో, కాస్త మంచి ఫోనో ఉంటే ఫొటో కూడా తీయొచ్చు. తీరా తీశాక అందులో ఎర్రచుక్కలు డజనుంటాయి. వాటిలో అసలైన నక్షత్రం ఏది?

ఎరుపంటే చల్లన

కొలిమిలో పెట్టిన ఇనుము ముందు ఎర్రబడుతుంది. వేడి పెరిగేకొద్దీ పసుపుపచ్చగా, ఆపైన తెల్లగా మారుతుంది. నక్షత్రాలూ అంతే. మన సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీల సెల్సియస్. ఆరుద్రది 3,200 ప్రాంతం. అంటే ఎర్ర నక్షత్రం ‘చల్లని’ నక్షత్రమన్నమాట! మామూలు కంటికి కనిపించే ఎర్ర నక్షత్రాలన్నీ వయసు మళ్లి, ఒళ్లు ఉబ్బిపోయిన మహాకాయాలే. చిన్న ఎర్ర నక్షత్రాలు లెక్కలేనన్ని ఉన్నా, వాటి వెలుగు మన కంటికి ఆనదు.

ఇలా తీయండి

చీకట్లో మన కన్ను రంగుల్ని సరిగా పట్టలేదు. ఆ పని కెమేరా బాగా చేస్తుంది. స్టాండు లేకపోతే ఫోన్ని బియ్యం సంచీకి ఆనించినా చాలు. ‘ప్రో’ మోడ్‌లో ఐ.ఎస్.ఓ. 800, సమయం 10 సెకండ్లు పెట్టండి. వైట్ బ్యాలెన్స్ ‘ఆటో’లో వదలొద్దు, ‘డేలైట్’లో ఉంచండి. చెయ్యి తగిలి కదలకుండా 2 సెకండ్ల టైమర్ వాడండి.

నక్షత్రం మరీ తెల్లగా వచ్చిందా? వెలుగు ఎక్కువై రంగు చెరిగిపోయిందన్నమాట. ఫోకస్ కాస్త తప్పించి తీస్తే చుక్క చిన్న బిళ్లలా పరుచుకుని అసలు రంగు బయటపడుతుంది.

దొంగ ఎరుపులు

* లెన్సు మూసేసి, అంతే సమయంతో ఇంకో ఫొటో తీయండి. అందులోనూ అదే చోట ఎర్రచుక్క ఉంటే అది నక్షత్రం కాదు. కెమేరా వేడెక్కితే వచ్చే ‘హాట్ పిక్సెల్’.

* నేలకు దగ్గరగా ఉన్న ఏ చుక్కయినా కాస్త ఎర్రబారుతుంది. దాని వెలుగు ఎక్కువ గాలిపొరల్ని దాటి రావాలి కదా! అది పైకొచ్చేదాకా ఆగి మళ్లీ తీయండి.

* రెండు వారాల తర్వాత మళ్లీ తీస్తే చోటు మారిందా? అయితే అది అంగారకుడు కావొచ్చు. గ్రహాలు కదులుతాయి, నక్షత్రాలు తమ గుంపు వదలవు.

* అన్నిటికన్నా తేలికైన పరీక్ష పక్కచుక్కతో పోల్చడం. ఓరియన్ గుంపులో వరసగా ఉండే మూడు చుక్కలకు ఒక పక్క ఆరుద్ర, ఎదురు పక్క నీలిఛాయ తెలుపులో రైజెల్ ఉంటాయి. ఫొటోలో రైజెల్ కూడా ఎర్రగా వస్తే తప్పు కెమేరాదే!

పేరు తెలియకపోతే ‘స్టెల్లేరియం’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ చుక్కను నొక్కి చూడండి. రంగు సూచిక అంకె కనిపిస్తుంది. సూర్యుడికి అది 0.65. ఆరుద్రకు దాదాపు 1.85. అంకె పెరిగేకొద్దీ ఎరుపూ పెరుగుతుంది.

చలికాలంలో ఆరుద్రతోపాటు నారింజరంగు రోహిణిని, వేసవి రాత్రుల్లో తేలు ఆకారం గుండెలో మెరిసే జ్యేష్ఠను తీసి చూడండి. చేయి తిరిగాక, ఓరియన్ పాదాల కింద కుందేలు గుంపులోని ఆర్ లెపోరిస్‌ను పట్టుకోవచ్చు. దాన్ని 1845లో కనిపెట్టిన జాన్ రస్సెల్ హైండ్ రక్తపు బొట్టుతో పోల్చాడు. అది కొన్ని నెలలు వెలిగి, కొన్ని నెలలు మసకబారుతుంది.

గాజుపలకలు చదివిన ఆడవాళ్లు

ఫొటోల్లో నక్షత్రాల్ని గుర్తుపట్టడం ఆడవాళ్లకు కొత్త కాదు. భర్త వదిలేస్తే పొట్టకూటికి ఇంటిపని చేసిన విలియమినా ఫ్లెమింగ్, 1881లో అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఉద్యోగంలో చేరింది. గాజుపలకల మీది ఫొటోలు పరిశీలించి, వెలుగు మారే నక్షత్రాల్ని 300కు పైగా కనిపెట్టింది. వాటిలో చాలా భాగం ఎర్రనివే.

ఆమె తర్వాత వచ్చిన ఆనీ జంప్ కానన్‌కు దాదాపు వినపడదు. అయినా దాదాపు మూడున్నర లక్షల నక్షత్రాల్ని వర్గాలుగా విడదీసింది. ఆ పలకల్లో రంగులుండవు. పట్టకం గుండా వచ్చిన వెలుగు చారికల్లోని గీతల్ని బట్టి ఏది వేడిదో, ఏది చల్లనిదో చెప్పేది. ఆమె పద్ధతిని 1922లో ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలంతా ఒప్పుకున్నారు. నేటికీ అదే వాడుకలో ఉంది. ఆరుద్రకు ఆ వరసలో చివరిదైన ‘ఎం’ వర్గం దక్కింది.

తేదీ రాసి దాచండి

2019 చివర్లో ఆరుద్ర ఉన్నట్టుండి మసకబారింది. 2020 ఫిబ్రవరికల్లా వెలుగు మామూల్లో మూడో వంతుకి వచ్చింది. పేలిపోతుందేమోనని అందరూ గాభరాపడ్డారు. నక్షత్రం కక్కిన వాయువు చల్లారి ధూళిమేఘమై వెలుగుకి అడ్డుపడిందని ఆండ్రియా డుప్రీ అనే శాస్త్రవేత్త బృందం హబుల్ టెలిస్కోపు సాయంతో వివరించింది. ఆ రోజుల్లో రాత్రి రాత్రికీ దాని వెలుగు నమోదు చేసినవాళ్లలో మామూలు ఔత్సాహికులూ ఎందరో ఉన్నారు. అలాంటివారి లెక్కల్ని 1911లో అమెరికాలో మొదలైన ఎ.ఎ.వి.ఎస్.ఓ. అనే సంస్థ ఇప్పటికీ ఏ దేశం నుంచి వచ్చినా తీసుకుంటోంది.

అందుకే తీసిన ప్రతి ఫొటోకీ తేదీ, టైము, ఊరు రాసి దాచండి. మొదటి నెలలో అది ఒట్టి ఫొటో. ఏడాది గడిచాక, వరసగా పేర్చి చూస్తే మీ సొంత నక్షత్ర చరిత్ర!