పెట్టెలు అయిదు, చూపులు యాభై

మీకు ఎన్ని ఈ-మెయిలు ఖాతాలున్నాయని ఎవరైనా అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవలసిన పరిస్థితి మనలో చాలామందిది. కాలేజీ రోజుల్లో ఇంటర్నెట్ సెంటరులో గంటకి ఇంతని కట్టి తెరిచిన యాహూ ఒకటి. 2004లో జీమెయిల్ ఒక గిగాబైటు చోటిస్తానంటూ వచ్చాక, ఎవరినో బతిమాలి ఆహ్వానం తెప్పించుకుని తెరిచింది ఇంకొకటి. ఇక్కడికొచ్చాక యూనివర్సిటీది, ఆఫీసుది, క్లయింటు ఇచ్చింది. నా లెక్క అయిదు దగ్గర ఆగింది. మా ఆవిడ లెక్క ఆరు.

ఇన్ని ఎందుకు, పాతవి వదిలేస్తే పోదా అంటారు కొందరు. అక్కడే ఉంది చిక్కు. మన ఇండియా బ్యాంకు ఖాతాలు, ఆదాయపు పన్ను పోర్టలు, మ్యూచువల్ ఫండ్లు, ఇక్కడికి రాకముందు తెరిచినవన్నీ ఆ పాత చిరునామాలనే పట్టుకుని కూర్చుంటాయి. రెండేళ్ళ పాటు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాలను 2023 డిసెంబరు నుంచి గూగుల్ తీసేస్తోంది. యాహూ అయితే ఏడాది పాటు లాగిన్ కాకపోతే పెట్టెలోని ఉత్తరాలు తుడిచేస్తుంది. న్యూజెర్సీలో ఉండే మా మిత్రుడొకాయన ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బు ఎన్నార్వో ఖాతాలో పడిందో లేదో చూసుకుందామని కూర్చుంటే పాస్‌వర్డు గుర్తులేదు. మార్చుకుందామంటే ఆ లింకు ఎప్పుడో మూతపడ్డ పెట్టెకే వెళుతోంది. చివరికి సెలవు పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని బ్యాంకు బ్రాంచికి వెళ్ళాల్సివచ్చింది.

కాబట్టి ముందు ఒక ఆదివారం కూర్చుని ఏ ఖాతాకి ఏ బ్యాంకు, ఏ ప్రభుత్వ ఆఫీసు ముడిపడి ఉందో కాగితం మీద రాసుకోండి. డబ్బుకీ, ప్రభుత్వానికీ సంబంధించినవన్నీ ఒకే ఖాతాకి మార్చండి. ఆ చిరునామా కూపన్ల వాళ్ళకీ, షాపుల వాళ్ళకీ ఇవ్వకండి. చుట్టాలు, స్నేహితులు, సంఘం కబుర్లకి రెండోది. కొనుగోళ్ళకీ, తప్పనిసరిగా చిరునామా అడిగే ప్రతి వెబ్‌సైటుకీ మూడోది. జీమెయిల్ వాడేవాళ్ళకి ఒక చిన్న కిటుకు: మీ యూజర్ పేరు తరువాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఉత్తరం మీకే వస్తుంది. షాపు పేరు చేర్చి ఇస్తే, మీ చిరునామాని ఎవరు ఎవరికి అమ్ముకున్నారో తెలిసిపోతుంది. మిగిలిన పాత ఖాతాలను దీనికి ఫార్వర్డ్ చేసుకోవచ్చు గానీ, అప్పుడప్పుడు వాటిలోకి లాగిన్ అవుతూ ఉండటం మరవకండి. ఆఫీసు ఉత్తరాలను మాత్రం సొంత ఖాతాకి మళ్ళించే పని పెట్టుకోకండి. ఉద్యోగానికే ఎసరు.

పెట్టెలు సర్దుకోవడం ఒక పూట పని. అసలు కష్టం వాటిలోకి తొంగిచూడటం మానడం. నేనొక రోజు ఆఫీసులో ఇన్‌బాక్సు తెరిచినప్పుడల్లా పసుపుపచ్చ కాగితం మీద ఒక గీత గీసుకుంటూ పోయాను. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికే ముప్పై ఒక్క గీతలు. అందులో నిజంగా పని ఉన్న ఉత్తరాలు నాలుగో అయిదో.

ఎందుకిలా చూస్తాం? మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో దీనికి జవాబుంది. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆపేసిన కాసేపటికే పావురం పొడవటం మానేస్తుంది. ఎన్ని పొడుపులకి ఒక గింజ పడుతుందో తెలియకపోతే మాత్రం అలుపు లేకుండా పొడుస్తూనే ఉంటుంది, గింజలు ఆగిపోయినా చాలాసేపు వదలదు. మన ఇన్‌బాక్సూ అంతే. ఇరవైసార్లు చెత్త, ఇరవై ఒకటోసారి ఏదో కబురు.

మనవాళ్ళకి దీనికి తోడు భయం ఒకటి. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే గడువు అరవై రోజులు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాడికి లాయరు దగ్గర్నుంచి ఏ కబురొస్తుందోనని ఆదుర్దా. ఈ భయాన్ని తీసిపారేయడానికి లేదు. కానీ వీసా బులెటిన్ వచ్చేది నెలకోసారి. గంటకోసారి చూస్తే తారీఖులు ముందుకి జరగవు కదా!

చూసినందువల్ల పోయేదేమిటంటే, ధ్యాస. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించినట్టు, ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. 2015లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 124 మందిని ఒక వారం రోజుకి మూడుసార్లే మెయిలు చూడమన్నారు, ఇంకో వారం ఇష్టమొచ్చినన్ని సార్లు చూడమన్నారు. మూడుసార్లు చూసిన వారంలో ఒత్తిడి తగ్గింది.

నేనూ ఆ మూడు పూటల పద్ధతే పెట్టుకున్నాను: తొమ్మిదికి, ఒంటిగంటకి, నాలుగున్నరకి. ఇక్కడ తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదైతే హైదరాబాదులో వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అంటే అక్కడి టీము రోజంతా రాసినవన్నీ అప్పటికే వచ్చి ఉంటాయి. తొమ్మిదింటికి కూర్చుని వరసగా జవాబులిస్తే వాళ్ళు ఇంటికి బయల్దేరేలోపే అందుతాయి. మళ్ళీ వాళ్ళ ఆఫీసు తెరిచేసరికి మనకి రాత్రి పదకొండు దాటుతుంది. ఆ వేళ ఫోను తీశారో, నిద్ర గోవిందా! అప్పుడు చదివినదానికి పొద్దున జవాబిచ్చినా వాళ్ళ ఆ రోజులోనే పడుతుంది.

అవుట్‌లుక్ సెట్టింగుల్లో, కొత్త ఉత్తరం రాగానే తెర మూలన తొంగిచూసే ఆ చిన్న పెట్టెనీ, దాని చప్పుడునీ ఆపేశాను. పొద్దున తెరవగానే ఇన్‌బాక్సు బదులు క్యాలెండరు వచ్చేట్టు మార్చాను. మా మేనేజరుకి మాత్రం ముందే చెప్పాను, అర్జెంటైతే ఫోను చెయ్యమని. ఇన్ని నెలల్లో ఆవిడ చేసింది రెండుసార్లు. ప్రొడక్షన్ సపోర్టులో ఉన్నవాళ్ళకి ఇది కుదరదు, నిజమే. కానీ సర్వరు పడిపోతే ఆ సంగతి పేజరో ఫోనో చెప్పాలి గానీ ఈ-మెయిలు చెప్పే ఏర్పాటుంటే, అది ముందు మార్చుకోవలసిన ఏర్పాటు.

వాట్సాప్ సంగతి ఎత్తితే ఈ సంచికలో తెమలదు, వదిలేస్తున్నాను.

ఇక లాయరు ఉత్తరం మాట. ఫోనులో మిగతా అందరి నోటిఫికేషన్లూ ఆపి, ఆ ఒక్క చిరునామాకి మాత్రం మోగేట్టు పెట్టుకోవచ్చు. ఐఫోను మెయిల్‌లో అయితే ఆ పేరుని వి.ఐ.పి. జాబితాలో చేర్చి, దానికే గంట ఉంచితే సరి. గంట మోగలేదంటే లాయరు రాయలేదన్నమాట, ఫోను తీసి చూడనక్కర్లేదు. నా జాబితాలో ముగ్గురున్నారు: లాయరు, పిల్లల బడి, ఊళ్ళో మా తమ్ముడు.