వ్యాసానికి ముందు చిత్తుకాగితం

మదనపల్లె ప్రాంతంలో విద్యార్థులను వ్యాసం రాయమంటే చాలామందికి ముందు తోచేది ‘టమాటా రైతు కష్టాలు’. పేజీలు నిండుతాయి గానీ వాదన పుట్టదు. రైతుకు కష్టాలున్నాయంటే కాదనేవారెవరు? పుంగనూరు ఆవు గొప్పదని రాసినా అంతే. ‘పొట్టి ఆవని ముచ్చటపడి పట్నాల్లో పెంచుకుంటే ఆ జాతి నిలుస్తుందా?’ అని అడిగి చూడండి, ఔననేవారూ కాదనేవారూ ఇద్దరూ ముందుకొస్తారు. వాదన వ్యాసానికి అలాంటి ప్రశ్న కావాలి.

టమాటా విషయంలో ఆ ప్రశ్న ఇది: కేంద్రం టమాటాకు కనీస మద్దతు ధర ప్రకటించాలా?

మనసులో ‘ప్రకటించాలి’ అని ఉన్నా, చిత్తుకాగితం మీద ముందు ‘వద్దు’ అనేవారి మాటలు రాసుకోవాలి. అవీ వాళ్లే చదివి ‘సరిగ్గా చెప్పావు’ అనేలా ఉండాలి. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో కూరగాయ ఒక్కటీ లేదు. వడ్లు గోదాములో నెలలు నిలవ ఉంటాయి, పండిన టమాటా వారం ఆగదు. ప్రభుత్వం కొని ఎక్కడ పెడుతుంది? పైగా 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు రైతు లాభపడలేదా అంటారు.

లాభం అప్పుడు తోటలో కాయ ఉన్నవారికే. ఆ జవాబు సులువు. నిలవ సంగతికి మాత్రం జవాబు దొరకదు. దొరకనప్పుడు దాన్ని దాచకుండా మన ప్రతిపాదననే సరిదిద్దుకోవాలి. ‘ప్రభుత్వం కొనాలి’ అనే మాట కొట్టేసి, ‘ధర పడిపోతే, మద్దతు ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా సొమ్ము రైతు ఖాతాలో వేయాలి’ అని రాసుకోవాలి. చిత్తుకాగితం వల్ల కలిగే అసలు మేలు ఇదే. వ్యాసం సగం రాశాక ఈ చిక్కు ఎదురైతే దిద్దే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇప్పుడు ఆధారాలు. కేరళ 2020లో 16 పంటలకు కనీస ధర ప్రకటించింది, టమాటాకు కిలో 8 రూపాయలు. చేతికందిన ఉదాహరణే, కానీ తూచి చూడాలి. కేరళ కూరగాయలు ఎక్కువగా బయటినుంచి తెచ్చుకునే రాష్ట్రం, అక్కడ పండేది తక్కువ కాబట్టి భారమూ తక్కువే. మదనపల్లె నుంచైతే టమాటా లారీలు పరాయి రాష్ట్రాలకు వెళ్తాయి. ఈ తేడా మనమే చెప్పేయాలి, లేదంటే ఎదుటివారు పట్టుకుంటారు.

ఇంతకన్నా గట్టి ఆధారం 2023దే. ఆ జులైలో కేంద్రం ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో టమాటా కొనిపించి ఢిల్లీలో కిలో 90 రూపాయలకు అమ్మించింది. కొనేవారి కోసం కదలగలిగిన ప్రభుత్వం పండించేవారి కోసం ఎందుకు కదలదు? నేనైతే ఈ ప్రశ్నను వ్యాసం చివరి భాగానికి దాచుకుంటాను.

‘ధర పడిపోయినప్పుడు ఆదుకోవడానికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం ఉందిగా’ అంటారు. ఉంది. తేడా సొమ్ము నేరుగా రైతుకు చెల్లించే వీలు కూడా 2025లో కల్పించారు. అయితే అది రాష్ట్రం అడిగితేనే మొదలవుతుంది, ధర రోజుల్లోనే పడిపోతుంది. కాబట్టి మన ప్రతిపాదన ఇంకాస్త బిగుస్తుంది: ధర ఇంతకు తగ్గితే, ఎవరూ అడగకుండానే చెల్లింపు మొదలవ్వాలి.

కుప్పం విద్యార్థి అడగదగ్గ ప్రశ్న ఒకటి మిగిలింది. మూడు రాష్ట్రాలు కలిసే ఆ చోట ఆంధ్ర రైతు తన సరుకును కర్ణాటకలోని కోలారు మార్కెట్లో అమ్మితే తేడా ఎవరివ్వాలి? సాగుభూమి ఉన్న రాష్ట్రమా, అమ్మిన రాష్ట్రమా? దీన్ని ఒక పేరాలో తేల్చాలి. తేల్చాకే మొదటి వాక్యం రాయడానికి కూర్చోవాలి.